సైటు మావయ్య బాగుచేసిన కళ్ళజోడు

మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు సైటు మావయ్య. పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. కళ్ళద్దాల కొట్టు ఆయనది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే మూడోవాడికి చోటుండదు. సైటు చూడడానికి ఉండాల్సినంత దూరం లేక, అక్షరాల బోర్డుని తలుపు పక్కన తగిలించి, ఎదుటి గోడకి నిలువుటద్దం బిగించాడు. వచ్చినవాళ్ళు స్టూలు మీద కూర్చుని అద్దంలో అక్షరాలు చదివేవారు. "ఇంత చిన్న కొట్టులో అంత పెద్ద చూపు చూపించేవాణ్ణి నేనొక్కణ్ణే" అని గొప్పలు పోయేవాడు.

మనుషుల పేర్లు ఆయన బుర్రలో నిలవవు. "ఆ మైనస్ నాలుగాయన కూతురు పరీక్ష పాసైందట" అంటాడు. ఆ మైనస్ నాలుగు ఎవరో మేం వెతుక్కోవాలి. పెళ్ళయిన కొత్తలో తన మొహాన్ని ఆయన అదే పనిగా చూస్తుంటే అత్తయ్య మురిసిపోయిందట. చివరికి "నీ ముక్కుకి సన్న ఫ్రేము నప్పదు" అన్నాడట. అత్తయ్య ఇప్పటికీ ఆ మాట పట్టుకుని దెప్పుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మావయ్య నోరు తెరిస్తే అబద్ధం. మోసం చేసే అబద్ధం కాదు, ఎదుటివాడి మొహం వెలిగించే అబద్ధం. చత్వారం వచ్చిందని దిగులుపడే ఆడవాళ్ళతో "ఈ ఫ్రేములో కాలేజీ పిల్లలా ఉన్నావమ్మా" అంటాడు. సోడాబుడ్డి అద్దాల పిల్లాడితో "ఇవి పైలట్లు పెట్టుకునే రకం" అంటాడు. జనం నమ్మేవారు కాదు, కానీ నవ్వుతూ వెళ్ళేవారు. నాకు మాత్రం ఆ అలవాటంటే ఒళ్ళు మండేది.

మాకు ఒక పూట ప్రయాణంలో ఉన్న ఊరు భూకంపంలో నేలమట్టమైంది. తెల్లవారుతుండగా వచ్చిందట. మా పేటలో ఒక సేవాబృందం ఉంది, వరదలొచ్చినా ఇళ్ళు తగలబడినా వెళ్ళి పనిచేసి వస్తుంటారు. దానికి పెద్ద, ఉద్యోగం నుంచి రిటైరైన ఒక నర్సమ్మ. ఆవిడ అందర్నీ కూర్చోబెట్టి ఎవరేం చెయ్యగలరని అడిగింది. తవ్వేవాళ్ళు చేతులెత్తారు, డ్రైవర్లు ఎత్తారు. నేను బడిపంతులమ్మని, సెలవులు కాబట్టి వంటకి వస్తానన్నాను. వెనక నుంచి మావయ్య లేచాడు.

"నేను కళ్ళద్దాలు" అన్నాడు.

ఎవరో నవ్వారు. "ఇళ్ళు కూలి ఏడుస్తున్నవాళ్ళకి కళ్ళజోళ్ళా? ఏడుపు బాగా కనపడడానికా?" అన్నాడు ఒకడు.

మావయ్య ఒంటికాలి మీద లేచాడు. "మంచం మీంచి లేచి పరిగెత్తేవాడు కళ్ళజోడు వెతుక్కుంటాడా? ఆ ఊళ్ళో ఇప్పుడు సగం మందికి చూపానదు. పోయినవాళ్ళ మొహం గుర్తుపట్టాలన్నా కళ్ళుండాలి కదయ్యా."

ఆ మాటకి ఎవరూ మళ్ళీ నవ్వలేదు. నర్సమ్మ వ్యానులో ఆయనకి చోటిచ్చింది.

ఆ ఊరి గురించి ఎక్కువ చెప్పను. ఒక ఇంటి పైఅంతస్తు కిందంతస్తు మీద కూర్చుని ఉంది, కిటికీకి తెర ఇంకా వేలాడుతూనే ఉంది. ఎటు చూసినా సున్నం దుమ్ము. మనుషుల కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. మేం వెళ్ళేసరికే బస్టాండులోనూ బయటా దొరికిన శవాల్ని, ఎవరు ఎవరో తెలియనివాళ్ళని తెలియనట్టుగానే, ఊరి చివర ఒకేచోట పూడ్చేశారు. అలా చెయ్యక తప్పలేదట. ఊరిని ముక్కలు చేసి తలా ఒక బృందానికీ అప్పగించారు. మా బృందం వంతుకి బస్టాండు, దాని వెనక ఉన్న సందులు వచ్చాయి. ముందు బస్టాండు, అది అయ్యాకే సందులు.

మాకు బస ఇచ్చింది ఒక బళ్ళో. గోడలు నెర్రెలిచ్చాయని గదుల్లోకి వెళ్ళనివ్వలేదు. ఆవరణలో టార్పాలిన్ కింద మా వంట, వరండా చివర మావయ్య బల్ల. మొదట్లో ఒక్కరూ రాలేదు. తరవాత ఆ ఊరి సెలూన్ ఆయన వచ్చాడు. పాపం, కొట్టు పోయినా కత్తెర, కత్తి పట్టుకుని క్యాంపులో ఊరికే అందరికీ గడ్డాలు గీస్తున్నాడు, కళ్ళజోడు లేకుండా. ఆయన చేతి కింద కూర్చుని లేచినవాళ్ళ బుగ్గల మీద దూది ముక్కలు. మావయ్య ఆయన్ని చూడగానే "రండి ప్లస్ రెండు గారూ, ముందు మిమ్మల్ని ఆపాలి" అన్నాడు. ఆ రోజు నుంచి వరండాలో క్యూ మొదలైంది.

తెచ్చిన ఫ్రేములు చూస్తుండగానే అయిపోయాయి. అప్పుడు మావయ్యకొక ఆలోచన వచ్చింది. శిథిలాల్లో కళ్ళజోళ్ళు కనపడితే పారెయ్యకుండా తెచ్చిపెట్టమని మా తవ్వేవాళ్ళని బతిమాలాడు. సాయంత్రాలు వాళ్ళు బకెట్టుతో తెచ్చేవారు. మావయ్య వాటిని సబ్బునీళ్ళ తొట్లో పోసి, ఒక్కోటీ తుడిచి, వంకరపోయిన కాడల్ని వేన్నీళ్ళలో వంచి, ఊడిన చోట కొత్త స్క్రూ వేసి, గీతలు పోయేలా పాలిష్ పట్టి, బల్ల మీద వరసగా పేర్చేవాడు. వాటి సొంతదారు వస్తే సరే. రాకపోతే, సైటు కుదిరినవాళ్ళకి ఇచ్చేసేవాడు. తన వంతు ముసలివాళ్ళకి వదిలేసిన సెలూన్ ఆయనకి అలాగే ఒకటి దొరికింది. బుగ్గల మీద దూది తగ్గింది. మావయ్య మొహంలో, ఆ ఊళ్ళో ఇంకెవరి మొహంలోనూ లేని వెలుగు. ఆయన్ని చూస్తే నాకు మొదటిసారి గర్వంగా అనిపించింది.

మా వంట దగ్గరికి ఆ ఊరి ఆడవాళ్ళు కొందరు సాయానికి వచ్చేవారు. చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందని వచ్చేవారు. వాళ్ళలో ఒకామె తాళాలు బాగుచేసే ఆయన భార్య. నలభై దాటి ఉంటాయి. ఉల్లిపాయలు తను తప్ప ఇంకెవరూ తరగడానికి వీల్లేదని పట్టుబట్టేది. ఎందుకో మా అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. రోజూ సాయంత్రం, బకెట్టు వచ్చిన కాసేపటికి, చేతులు కడుక్కుని వరండా చివరికి వెళ్ళేది. బల్ల మీద జోళ్ళన్నీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసేది. "సైటు చూడమంటారా అమ్మా?" అంటే "వద్దన్నయ్యా" అని వచ్చేసేది. వచ్చాక కాసేపు ఆమె ఒళ్ళు తేలికపడినట్టుండేది. రెండు ముద్దలు తినేది కూడా.

ఒకరోజు కత్తిపీట దగ్గర ఆమే చెప్పుకొచ్చింది.

"మాకు గొడవైతే మా ఆయన చొక్కా వేసుకుని వెళ్ళిపోతాను పో అని బయల్దేరేవాడమ్మాయ్. ఎక్కడికి వెళ్తాడు? బస్టాండుకి. అక్కడ టీ తాగి, పేపరు చదివి, ఇంటికి వచ్చేసేవాడు. పెళ్ళయినప్పట్నుంచీ అంతే. 'బస్సు దొరకలేదా?' అనేదాన్ని. 'సీటు దొరకలేదు' అనేవాడు."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వబోయింది.

"ఆ రోజు మాత్రం ఎక్కువ అనేశాను. ఏదో తాళం పని, రాత్రంతా దాంతోనే కూర్చున్నాడు, పిలిస్తే పలకలేదు. తెల్లారకుండానే మొదలుపెట్టాను. చొక్కా వేసుకుంటుంటే, 'వెళ్ళండి, మళ్ళీ ఈ గడప తొక్కితే నా మీద ఒట్టే' అన్నాను. అలా ఎప్పుడూ అనలేదమ్మాయ్. ఒట్టు ఎప్పుడూ పెట్టలేదు. వెళ్ళాడు. నేను బిందె తీసుకుని సందు చివర పంపు దగ్గరికి వెళ్ళాను. అప్పుడు వచ్చింది."

"వెళ్ళి ఎంతసేపైంది అక్కా?"

"టీ తాగి వచ్చేంతసేపైంది" అంది. ఇంకో ఉల్లిపాయ అందుకుని, "వచ్చే ఉంటాడు. నేను పంపు దగ్గరుంటే పెరటి దారిన లోపలికెళ్ళి ఉంటాడు. మా సందు తవ్వితే తెలుస్తుంది" అంది.

భర్త బతికి ఉన్నాడని ఆమె అనుకోవట్లేదు. ఇంట్లో పోయి ఉండాలని మాత్రం కోరుకుంటోంది. ఇంట్లో పోతే, ఒట్టు దాటి తిరిగొచ్చినట్టు. బస్టాండులో పోతే, ఆమె ఆఖరి మాట చెవిలో పెట్టుకునే పోయినట్టు. ఇలాంటి కోరిక కోరుకునే స్థితి పగవాళ్ళకి కూడా రాకూడదు.

"మరి రోజూ అక్కడ బల్ల దగ్గర దేనికోసం చూస్తారు?" అని అడిగాను.

"ఆయన జోడు. జేబులోనే ఉండేది. కుడి కాడ ఊడిపోతే నేనే ఆకుపచ్చ దారం చుట్టాను. ఆ దారం ఎక్కడున్నా కనపడుతుంది" అంది. ఇంకేం చెప్పలేదు.

ఆ సాయంత్రం మావయ్యకి టీ ఇస్తూ ఆమె చెప్పిందంతా, ఈ దారం సంగతితో సహా, మాటవరసకి అన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఆకుపచ్చ దారమా?" అన్నాడు. "అయ్యో. నేనే కోసేశానే. మట్టి పట్టి ముద్దలా ఉంది. ఎవడో చేతకాని పని చేశాడని తిట్టుకుంటూ బ్లేడుతో కోసి పారేసి, స్క్రూ వేశాను. అప్పటికి ఆవిడ ఇంకా ఇటు రావడమే మొదలెట్టలేదు."

"ఇప్పుడదెక్కడుంది?"

"ఇంకెక్కడ? సెలూన్ ఆయన ముక్కు మీద."

మావయ్యకి తల కొట్టేసినట్టయింది. పాతికేళ్ళుగా చేస్తున్న పని. విరిగిన జోడు చేతికొస్తే, పాత అతుకు పీకి సరిగ్గా బిగించడం తప్ప ఇంకోలా ఆయన చెయ్యి ఎరగదు. ఆ అతుకే ఒకరికి గుర్తు అయి ఉంటుందని ఆయనకి తట్టలేదు. మా ఎవరికీ తట్టలేదు. "ఎన్ని జోళ్ళకి ఇలా చేశానో. ఎంతమంది వచ్చి, తమవాళ్ళది కళ్ళెదురుగా ఉన్నా పోల్చుకోలేక వెళ్ళారో" అని తల పట్టుకున్నాడు. ఆ వరండాలో జోడు వెతుక్కుంటూ వచ్చి, లేదని తిరిగి వెళ్ళినవాళ్ళని నేను కూడా చూశాను. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు రాదు. పక్కన కూర్చున్నాను.

మర్నాడు ఆయన ఇంకేం పని ముట్టుకోలేదు. బల్ల మీదివి కదిలించడానికి చెయ్యి రాక నర్సమ్మ కళ్ళజోడు ఫ్రేము అడిగి తీసుకుని, దానికి సరిపడా కొత్త అద్దాలు అరగదీసి సెలూన్ ఆయనకి కొత్త జోడు చేశాడు. ఆవిడ అప్పట్నుంచీ ఊడదీసిన తన అద్దాల్ని చేత్తో పట్టుకునే చదువుకుంది. సెలూన్ ఆయన పాత జోడు ఇవ్వడానికి ముందు మొరాయించాడు, అలవాటు పడ్డానన్నాడు. సంగతి విన్నాక నోరు మూసుకుని తీసిచ్చాడు. ఆ జోడుకి మావయ్య స్క్రూ పీకేశాడు. నర్సమ్మ కుట్టుపెట్టెలో వెతికి ఆకుపచ్చ దారం సంపాదించి, మళ్ళీ కాడకి చుట్టాడు. బాగుచేసినదాన్ని చెడగొట్టడం ఆయన జీవితంలో అదే మొదలు. చుడుతున్నంతసేపూ నాకు చూపించి "ఇలాగే ఉందిలే, ఇలాగే ఉంది" అంటూనే ఉన్నాడు. పోగొట్టినదాన్ని తిరిగి తెచ్చిస్తున్నానన్న సంతోషం మొహంలో దాగలేదు. నాకూ సంతోషంగానే ఉంది. ఒక్క మంచి పనైనా అవుతోందనుకున్నాను.

ఆ మరుసటి పొద్దున్నే జేబురుమాల్లో చుట్టుకుని వంట దగ్గరికి వచ్చాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది.

"చెల్లెమ్మా, నీ సొత్తొకటి నా దగ్గర ఉండిపోయింది" అని రుమాలు విప్పాడు.

ఆమె కత్తిపీట మీంచి లేవలేదు. దారం వైపు చూసి, "ఇది నేను చుట్టింది కాదన్నయ్యా. ముడి నాది కాదు" అంది. ఆ గొంతులో ఆశ వినపడింది. దొరకలేదన్న ఆశ అని అప్పుడు నాకు అర్థం కాలేదు.

మావయ్య సిగ్గుపడుతూ జరిగిందంతా చెప్పాడు. దారం కోసేయడం, స్క్రూ, సెలూన్ ఆయన, మళ్ళీ చుట్టడం. ఆమె పమిటతో చేతులు తుడుచుకుని జోడు అందుకుంది. దారం వైపు చూడలేదు. కాడ చివర చెవి వెనక్కి వెళ్ళే చోట వేలు పెట్టి తడిమింది. అక్కడ పంటిగాట్లు ఉన్నాయి. తాళం పని తెగనప్పుడల్లా కాడ కొరికేవాడేమో.

"ఆయనదే" అంది.

తరవాత తలెత్తి, "ఎక్కడ దొరికింది?" అని అడిగింది.

మావయ్యకేం తెలుసు? బకెట్లన్నీ ఒకే తొట్లో పోసినవాడు. పొద్దస్తమానం వరండాలో కూర్చుని ముక్కులూ సైటులూ చూసినవాడు. కానీ ఆమె ఏం వినాలనుకుంటోందో నేను చెప్పగా విన్నాడు. ఆయన నాలుక ఎప్పట్లాగే ఎదుటి మొహం వెలిగించడానికి సిద్ధంగా ఉంది. నేను నోరు తెరిచేలోపే అనేశాడు.

"మీ సందులోనేనమ్మా. మీ ఇంటి దగ్గరే."

ఆమె చాలాసేపు మావయ్య మొహంలోకి చూసింది. కోపంగా కాదు. అలిసిపోయిన మనిషి చూసినట్టు చూసింది.

"మా సందు ఇంకా తవ్వలేదన్నయ్యా" అంది. "ఎల్లుండి మొదలెడతారు. ఇప్పటిదాకా తవ్వింది బస్టాండు ఒక్కటే."

మావయ్య ఖాళీ రుమాలు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"రోజూ వచ్చి చూసుకునేదాన్ని. లేకపోతే, అమ్మయ్య, ఇవాళ కూడా బస్టాండులో లేడు అనుకునేదాన్ని. ఇంకో రెండు రోజులు. సందు తవ్వాక, ఇంట్లోనూ లేకపోతే, అప్పుడు ఏడుద్దామనుకున్నాను."

"టీ తాగి లేవబోతున్నాడేమో అక్కా" అన్నాను. "ఇంటికొద్దామనే లేచాడేమో. ఎవరికి తెలుసు?"

"అవునమ్మాయ్. ఎవరికి తెలుసు?" అంది. నా మాట కొట్టెయ్యలేదు, పట్టుకోనూ లేదు. జోడు జాకెట్టులో దోపుకుని మిగిలిన ఉల్లిపాయలు తరిగింది. ఆ రోజు ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదు.

సందు తవ్వేటప్పుడు ఆ ఇంటివాళ్ళు ఎవరైనా దగ్గరుండాలి, ఏది తమదో చెప్పడానికి. ఆమె రానంది. ఆమె బదులు మావయ్య వెళ్ళి పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డాడు. ఒక్కో రాయీ తీస్తుంటే ముందుకు వంగి చూశాడు. ఇటుక పక్కకి జరిగినప్పుడల్లా ఆయన పెదవులు కదిలేవి. ఎవరిని వేడుకున్నాడో నేనడగలేదు. ఒక మనిషి శవం దొరకాలని మావయ్య అంతగా కోరుకోవడం చూస్తే నాకు భయమేసింది. గిన్నెలు దొరికాయి, తాళం కప్పలు గోనెసంచెడు దొరికాయి, ఒక మంచం కోడు దొరికింది. పెరటి గోడ దాకా తవ్వారు. మనిషి లేడు.

సాయంత్రం ఆ సంచీ మోసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు మావయ్య. ఇద్దరికీ నేనే చెరో గ్లాసు నీళ్ళిచ్చి పక్కకి వచ్చేశాను.

మేం బయల్దేరే రోజు ఆమె వ్యాను దాకా వచ్చింది. నాకు వెళ్ళి రమ్మని చెప్పింది, నర్సమ్మకి చెప్పింది. మావయ్య వ్యాను వెనక, ఆమెకి మొహం చూపించలేక, పెట్టెకి తాడు కడుతున్నట్టు నటిస్తున్నాడు. ఆమే అటు వెళ్ళింది.

"వెళ్ళి రండన్నయ్యా" అంది.

మావయ్య తాడు వదిలేసి రెండు చేతులూ జోడించాడు.

"తిట్టు తల్లీ" అన్నాడు. "నీ నోటికొచ్చినట్టు తిట్టు. నీ రెండు రోజులు నేనే తినేశాను. నువ్వు తిట్టకపోతే నేనీ బండి ఎక్కలేను."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒక మనిషిని తిట్టి పంపించాను కదన్నయ్యా" అంది. "ఇంకొకరిని తిట్టి పంపించలేను. ఎక్కండి."